పిల్లల జవాబుల గడి

ఆయన పోయాడన్న కబురు విని నేను మొదట నవ్వాను. చెప్పినవాడు కూడా నవ్వుతూనే చెప్పాడు. కరీంనగర్ బస్టాండులో, ఒకప్పుడు నాతోపాటు ఉపాధ్యాయ శిక్షణ పొందిన మిత్రుడొకడు ఎదురుపడి, చేతిలో సంచీ కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు.

"మన పెద్దసారు పోయిండట, ఎరికేనా? పోయే ముందుగాల డాక్టరును సుత ఇడువలేదట. నాడి జూసినవు గదా, నీకేం సమజైందో నీ సొంత మాటల్ల చెప్పు అన్నడట!"

ఇద్దరం పగలబడి నవ్వాం. పక్కన చాయ్ తాగుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, మాకు పనిలేని బస్సుల బోర్డులన్నీ చదువుతూ నిలబడ్డాం. మా సార్ల చావు వార్తలు చాలా విన్నాను గానీ, ఇంత నవ్వించి ఇంత ఏడిపించింది ఇదొక్కటే.

ఆయన పేరు రాయను. మేమెవరమూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. పెద్దసారు అనేవాళ్లం. నిజానికి ఆయన మాకు సారు కాదు, మాతోపాటు చదువుకున్న విద్యార్థి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. మిడిల్ స్కూళ్లలో పాఠాలు చెప్పేవాళ్లు ట్రైనింగు పాసై ఉండాలని సర్కారు గట్టిగా పట్టుబట్టిన రోజులవి. కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ట్రైనింగు స్కూలు. మా బ్యాచిలో అందరం ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లం. మెట్రిక్ కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు. మొదటి రోజు గంట కొట్టగానే నలభై అయిదేళ్ల మనిషి, నల్ల షేర్వానీ వేసుకుని, చెవి మీద చాక్‌పీసు పెట్టుకుని లోపలికి వచ్చాడు. అందరం లేచి నిలబడ్డాం. "కూసోండ్రి" అన్నాడు. బల్ల మీదున్న రిజిస్టరు తీసి హాజిరి వేశాడు. ఒక్కొక్కడి ఊరేమిటో, ఇంట్లో ఎవరెవరున్నారో అడిగాడు. నన్ను, "మీ ఊరి చెరువుల చాపలు ఈసారి మంచిగ పడ్డయా?" అని అడిగితే నేను చేతులు కట్టుకుని మరీ చెప్పాను. అందరి పేర్లూ అయ్యాక రిజిస్టరు మూసి, చివరి బెంచీలో నా పక్కకొచ్చి కూర్చున్నాడు. అప్పుడొచ్చాడు అసలు మాస్టారు. ఆయన్ని చూసి మేమూ, మాతో పాటు పెద్దసారూ లేచి నిలబడ్డాం.

"హాజిరి అయిపోయింది సార్. ఇద్దరు రాలే" అన్నాడు పెద్దసారు, ఎంతో వినయంగా.

ఆయన చదువంతా ఉర్దూలో. నిజాం జమానాలో ఉర్దూ మిడిల్ పాసై నౌకరీలో చేరాడు. పోలీసు చర్య తర్వాత బడులు తెలుగులోకి మారితే, తెలుగు పరీక్ష పాసుగమ్మన్నారు. ఇంట్లో మాట్లాడే భాషే అయినా రాత రాదు. తన మూడో తరగతి పిల్లల దగ్గరే పలక పట్టుకుని నేర్చుకున్నాడట. తప్పు రాస్తే పిల్లలు పదిసార్లు దిద్దమనేవాళ్లు, ఈయన గోడవారన కూర్చుని దిద్దేవాడు. ఆ పరీక్ష గట్టెక్కాక మెట్రిక్ కావాలన్నారు. అదీ ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు. ఇప్పుడు ట్రైనింగు.

"సర్కారు మారినప్పుడల్ల నాకు సదువు రాదని వాండ్లకు కొత్తగ తెలుస్తది. పరీక్షలు రాసుడే నా నౌకరి. పాఠాలు చెప్పుడు ఖాళీ టైముల" అనేవాడు.

ఆ షేర్వానీ నిజానికి పరీక్షల కోసం దాచుకున్నది. మిగతా రోజుల్లో ధోవతి, చొక్కా. మొదటి రోజున మాత్రం మమ్మల్ని బెదిరించడానికే తొడుక్కొచ్చాడని తర్వాత ఒప్పుకున్నాడు.

ఇంతా చేసి ఆ మనిషికి ట్రైనింగు ఎందుకంటే, ఖానాపూర్ వైపు ఆయన ఊళ్లో ఆయన నిలబెట్టిన మిడిల్ స్కూలు ఉంది. నాలుగు తరగతుల బడిని పట్టుకుని, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని అడుక్కొచ్చి, అయిదు, ఆరు పెట్టించి, ఆ ఏడాదే ఏడో తరగతికి మంజూరు తెప్పించాడు. ఆ మొదటి ఏడో తరగతి పిల్లలు వచ్చే ఏడు పరీక్షకు కూర్చోవాలి. పెద్దసారు అప్పటికే రెండుసార్లు ట్రైనింగు పరీక్ష తప్పాడు. ఒకసారి రాతలో, ఒకసారి పాఠం చెప్పడంలో. మూడోసారీ తప్పితే మిడిల్ స్కూల్లో ఉంచరు, ఎక్కడో అడవిలో ఒక్క పంతులే ఉండే చిన్న బడికి పంపేస్తారు. ఆ సంగతి రాసి సర్కారు పంపిన కాగితం మడిచి షేర్వానీ జేబులో పెట్టుకున్నాడు. ఒకసారి నాకు చూపించాడు.

"ఏ బడైనా నాకు ఫరక్ లేదు పంతులూ. గాని నా ఏడో తరగతి పిల్లలు పరీక్షకు పోయేనాడు నేను గాడుండాలె. గంతే" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన నవ్వకుండా అన్నాడు.

ఇక ట్రైనింగు స్కూల్లో మా బతుకు గురించి చెప్పాలి. పాఠం చెప్పేముందు పాఠ్య పథకం రాయాలి. పేజీని మూడు గడులుగా గీయాలి. ఒక గడిలో మేమడిగే ప్రశ్న, పక్క గడిలో పిల్లలు చెప్పబోయే జవాబు, మూడో గడిలో నల్లబల్ల మీద రాసేది. పాఠం పేరు మేం చెప్పకూడదు. నాలుగైదు ప్రశ్నలు వేసి పిల్లల నోటితోనే చెప్పించాలి. దీన్ని ఉన్ముఖీకరణం అంటారు. ఆ మాట పలకడం వచ్చేసరికే మాకు నెల పట్టింది.

పెద్దసారు రెండో గడి నింపేవాడు కాదు. ఖాళీగా వదిలేసేవాడు. "ప్రశ్న మనమే రాసి, జవాబు మనమే రాస్తె ఇగ పిల్లలెందుకు? వాండ్లను ఇంటికి తోలి మనం మనమే మాట్లాడుకుందాం" అనేవాడు. పాఠం అయ్యాక వరండాలో కూర్చుని, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, "గప్పుడు నువ్వేమన్నవు బిడ్డా?" అని అడిగి, వాళ్లన్నది వాళ్లన్నట్టే, పేర్లతో సహా రాసేవాడు. తుమ్మినవాళ్లను కూడా రాసేవాడు.

మాకు బోధన పద్ధతులు చెప్పే మాస్టారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మంచివాడే గానీ గీసిన గీత దాటనివ్వడు. పెద్దసారి పుస్తకం చూసి తల పట్టుకున్నాడు.

"ఏవండీ, పాఠానికి ముందు రాసేది పథకం. మీరు రాసేది పంచనామా!" అన్నాడు.

"జరిగినంకనే గదా సార్ పంచనామా. జరుగకముందే సాక్షుల మాటలు రాస్తె పోలీసోండ్లు సుత ఒప్పుకోరు" అన్నాడు పెద్దసారు.

ఒకరు పాఠం చెబుతుంటే మిగతావాళ్లం వెనక కూర్చుని గుణదోషాలు రాయడం మరో పని. నా మొదటి పాఠానికి మా స్నేహితులంతా పేజీలు నింపారు. పెద్దసారు రెండే వాక్యాలు రాశాడు. "పంతులు మంచిగ చెప్పిండు. పిల్లలు అంతకన్న మంచిగ ఓపిక పట్టిన్రు."

పిల్లల ఓపిక మాట నిజం. ట్రైనింగు స్కూలుకు అనుబంధంగా ఒక మిడిల్ స్కూలుంది. అందులో ఆరో తరగతి పిల్లల మీదే మా ప్రయోగాలన్నీ. సైన్సు సామాను మొత్తానికి ఒక స్పిరిట్ దీపం, ఒక గాజు కుప్పె మాత్రమే పనిచేసేవి. అందువల్ల సైన్సు తీసుకున్న ప్రతివాడూ నీళ్లు మరిగించి, బాష్పీభవనమే చెప్పాలి. దసరా దాటేసరికి ఆ పిల్లలకు మాకంటే బాగా వచ్చేసింది. ఒకరోజు మావాడొకడు తరగతిలోకి వెళ్లి, "ఉతికిన బట్టలు మీ అమ్మ ఎక్కడ ఆరేస్తుంది?" అని మొదటి ప్రశ్న వేశాడో లేదో, తరగతంతా ఒక్క గొంతుతో "బాష్పీభవనం సార్!" అని అరిచింది. ఇంకా నాలుగు ప్రశ్నలు మిగిలున్న మావాడు బిక్కచచ్చిపోయాడు. ముందు బెంచీలో కూర్చునే ఒక పిల్ల, బీడీలు చుట్టే ఇంటి పిల్ల, లేచి, "సార్, మీరు శీర్షిక బల్ల మీద రాయలే. మార్కులు పోతయి" అని హెచ్చరించింది.

అప్పటినుంచి మేమంతా ముందురోజే ఆ పిల్లల్ని బతిమాలుకునేవాళ్లం. మొదటి ప్రశ్నకు "ఎండలో" అనండి, రెండో ప్రశ్నకు ఇది అనండి, అయిదో ప్రశ్న దాకా బాష్పీభవనం అనకండి అని. పిల్లలు పెద్దమనసుతో ఒప్పుకునేవాళ్లు. మా రెండో గడిలో రాసిన జవాబులు పొల్లుపోకుండా వచ్చేవి. పెద్దసారు ఒక్కడే వాళ్లను ఏమీ అడగలేదు.

ఆఖరి పరీక్ష దగ్గరపడింది. హైదరాబాదు నుంచి పరీక్షాధికారి వస్తాడు. మా పాఠ్య పథకాల పుస్తకాలన్నీ ముందురోజు సాయంత్రమే ఆయన బల్ల మీద ఉండాలి. మాస్టారు పెద్దసారిని పిలిచి, నా ఎదుటే చెప్పాడు.

"ఖాళీ గడితో ఉన్న పుస్తకం నేను పంపనండీ. పుస్తకం లేకపోతే మిమ్మల్ని పరీక్షకే రానివ్వరు. మీ మేలుకే చెబుతున్నా."

"చూస్త సార్" అని బయటికొచ్చాడు పెద్దసారు. నేను వెంటపడ్డాను. ఒక్క రోజుకు నింపమన్నాను, మీ ఏడో తరగతి మాట గుర్తు తెచ్చుకోమన్నాను. ఆయన చెవి మీద చాక్‌పీసు సవరించుకుంటూ, "ఫికర్ చెయ్యకు పంతులూ. పరీక్ష ఏడికి పోదు" అని, పుస్తకం నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్లిపోయాడు. అందరి పుస్తకాలూ పోగుచేసి ఇచ్చే పని నాది.

ఆయనంటే నాకు ప్రాణం. దానికి తోడు, క్లాసులో మొదటివాణ్ణన్న పొగరు కూడా ఉండేది. మనం తలుచుకుంటే ఆయన్ని గట్టెక్కించలేమా అనుకున్నాను. వరండాలో కూర్చుని, నా పుస్తకం పక్కన పెట్టుకుని, అందులోని జవాబులన్నీ ఆయన గడిలోకి దించేశాను. ఆయన అక్షరాలు కాస్త పక్కకు వంగి ఉంటాయి. నేనూ వంచి రాశాను. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయి, పుస్తకాల దొంతరలో కలిపేశాను. ఆయనకు చెప్పలేదు. పాసయ్యాక చెప్పి నవ్విద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున నా పాఠం మొదటిది. పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. పరీక్షాధికారి నా పుస్తకం చూస్తూ ఒక్కో జవాబుకూ ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోయాడు. నా తర్వాత మరో ఇద్దరు నీళ్లు మరిగించారు. నాలుగోవాడుగా పెద్దసారు షేర్వానీతో వచ్చి, ముందు పిల్లలకు తనే సలాం చేశాడు. పొద్దుటినుంచీ మూడుసార్లు అదే పాఠం విన్న పిల్లలు అలిసిపోయి ఉన్నారు. ఈయన "బట్టలు ఏడ ఆరేస్తరు?" అనగానే, ఇక ఆపుకోలేక అందరూ, "బాష్పీభవనం!" అని అరిచేశారు.

 పరీక్షాధికారి తలెత్తాడు.

"గట్లనా? ఏడున్నది గా బాష్పీభవనం? బస్సు పోతదా గాడికి?" అన్నాడు పెద్దసారు.

పిల్లలు ఘొల్లుమన్నారు. "నేనెన్నడు చూడలే. మీరే చూపెట్టుండ్రి" అని ఆయన వెళ్లి మూడో బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. బీడీల ఇంటి పిల్ల లేచి, దీపం వెలిగించి, మేం చెప్పినదంతా మా చేతి ఊపులతో సహా చెప్పేసింది. పెద్దసారు బెంచీలోంచి చెయ్యెత్తాడు.

"సారమ్మా, ఎండకు ఆరుతయన్నవు. మంచిది. మరి వానకాలం ఎండ లేదు గదా. ఇంట్ల దండెం మీదేసిన బట్టలెట్ల ఆరుతయి?"

తరగతి మూగబోయింది. ఆ ఏడాది మొత్తంలో ఆ పిల్లలు జవాబు తెలియక ఆలోచించడం నేను చూసింది అదే మొదటిసారి. పెద్దసారు తొందరపెట్టలేదు. పరీక్షాధికారి గడియారం చూసుకుంటున్నా తొందరపెట్టలేదు. చాలాసేపటికి ఆ పిల్లే మెల్లగా మొదలుపెట్టింది.

"మా అవ్వ బీడీ ఆకు తడిగుడ్డల సుట్టి పెడ్తది సార్. సుట్టకుంటె నీడకే ఎండి పెళుసైతది. అంటె... ఎండ తగులకున్నా నీళ్లు పోతయి."

"ఓ బాపూ!" అని పెద్దసారు బెంచీ మీద చరిచాడు. "గాలి తగిలితె జల్ది పోతయా, తగులకుంటెనా?" ఇంకేముంది, తరగతి రెండు ముక్కలై వాదులాడుకుంది. ఒకడు కుండలో నీళ్ల సంగతి తెచ్చాడు. ఇంకొకడు చెమట సంగతి తెచ్చాడు. పరీక్షాధికారి పెన్సిలు కింద పెట్టి, తనే పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాడు. ఆయన మొహంలో సంతోషం చూసి, గట్టెక్కాడురా పెద్దసారు అనుకున్నాను.

గంట కొట్టారు. పిల్లలు వెళ్లారు. పరీక్షాధికారి పెద్దసారి పుస్తకం తెరిచి, చదువుతూ చదువుతూ ఆగి, దొంతరలోంచి నా పుస్తకం లాగాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు.

"ఈ రెండు పుస్తకాల్లో జవాబులు అక్షరం తేడా లేకుండా ఒక్కటే. మీ ఇద్దర్లో ఎవరో ఒకరు రెండోవారిది చూసి రాశారు. ఎవరు?"

చూసి రాసినవాడు ఫెయిల్. అది మాకందరికీ తెలుసు. పెద్దసారు పుస్తకం అందుకుని చూశాడు. నిండిన గడిని చూశాడు. పేజీ తిప్పి ఇంకోటి చూశాడు. తర్వాత ఒక్కసారి నా వైపు చూశాడు. నేను ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. నాది కొత్త నౌకరీ, ట్రైనింగు పాసైతేనే పక్కా అవుతుంది. నేను నేల వైపు చూశాను.

"నేనే సార్. పిల్లగాడు మంచోడు, పుస్తకం బల్ల మీద పెట్టి పోయిండు. చూసి ఎక్కించుకున్న" అన్నాడు పెద్దసారు.

పరీక్షాధికారికి నిజంగా బాధ కలిగింది. "ఇట్లా పాఠం చెప్పగలిగినవాడివి, నీకు చూసి రాసే ఖర్మ ఏమిటయ్యా?"

"ఆదత్ సార్, అలవాటు. చిన్నప్పటిసంది ఉన్నది."

నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఆయన్ను ఉట్నూరు అవతల, ఒక్క పంతులే ఉండే బడికి పంపారు. ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కిస్తుంటే దగ్గరికి వెళ్లి నోరు తెరిచాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. "బీడీ ఆకు సంగతి ఎంత మంచిగ చెప్పింది గా పోరి! ఏ పుస్తకంల ఉన్నది గది?" అని నవ్వుతూ బస్సెక్కేశాడు.

ఆ సర్టిఫికెట్టు మీద నిలబడి నేను ప్రైవేటుగా బి.ఎ. చేశాను. సెలవు పెట్టి బి.ఇడి. చేశాను. తొమ్మిదేళ్లకు స్కూళ్ల డిప్టీ ఇన్స్పెక్టరునై ఆదిలాబాద్ జిల్లాకు వచ్చాను. తనిఖీ చేయాల్సిన బడుల జాబితాలో ఆయన బడి పేరు కనిపించింది. రెండు నెలలు వాయిదా వేసి, ఇక వేయలేక బయల్దేరాను.

జీపు దిగి కొంత నడవాలి. గడ్డి కప్పిన పాకలో పాతికమంది గోండు పిల్లలు. పెద్దసారి జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే లేచి నిలబడి, పిల్లల్ని కూడా లేపాడు.

"డిప్టీ సాబ్ వచ్చిండు, సలాం చెయ్యుండ్రి."

"మీరు నిలబడకండి సార్, మీ కాళ్లు మొక్కుత" అన్నాను.

"నిలబడకుంటె రిపోర్టు రాస్తవు గదా" అని కన్ను గీటాడు. పిల్లలు తనకు ప్రతి సోమవారం గోండి భాషలో పరీక్ష పెడతారనీ, ఇప్పటికి మూడుసార్లు తప్పాననీ, మార్కుల్లో వాళ్లు చాలా పిసినారులనీ ఫిర్యాదు చేశాడు.

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు వెళ్లాక, చెప్పేశాను. ఆ రోజు ఆ గడి నింపింది నేనేనని.

"నాకు తెల్వదనుకున్నవా? నా రాత లెక్క కనవడాలని అక్షరాలను పండవెట్టినవు. నేను గంత వంకరగ రాస్తనా?"

"మరెందుకు చెప్పలేదు సార్?"

"చెప్తె నిన్ను ఫెయిల్ చేస్తుండె. ఫెయిలైతె ఇంకో ఏడాది గాడ్నే ఉంటివి. గా పిల్లలకు మల్ల గవే నీళ్లు మరుగబెడ్తివి. పాపం, వాండ్ల మొఖాలు చూడలేక నీకు సర్టిఫికెట్ ఇప్పిచ్చిన."

కడుపుబ్బ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే అడిగాను, ఆయన ఊళ్లో ఆ ఏడో తరగతి పిల్లలేమయ్యారని.

"అందరు పాసైన్రట. ఉత్తరం రాసిన్రు. నేను లేకున్నా సుత పాసైన్రు పంతులూ. గది జర బాధైంది."

ఆయనే తనిఖీ రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఉపాధ్యాయుని పేరు, సర్వీసు అన్నీ రాశాను. పక్కన శిక్షణ అన్న చోట కలం ఆగిపోయింది. నాలుగు నెలల్లో రిటైరు కాబోతున్న మనిషి, నా భుజం మీంచి వంగి చూస్తున్నాడు.

"ఏం ఆలోచిస్తున్నవ్? రాయి డిప్టీ సాబ్. పిల్లలు వచ్చే యాళ్లైంది."

"శిక్షణ పొందలేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను.